నా తరఫున బేరమాడిన మనిషి

మా కొట్లో అమ్మింది పుస్తకాలే అయినా మా నాన్న నాకు నేర్పింది బేరం. చోడవరం మెయిన్ రోడ్డులో మాకు ఎడమ పక్క బెల్లం వ్యాపారి, కుడి పక్క బట్టల కొట్టు, రోడ్డుకి అవతల ఇనప సామాను. వాళ్ళ మధ్య పెరిగినవాడికి నోట మొదట వచ్చే మాట "వద్దు". కావలసిన వస్తువు వైపు చూడకపోవడం, అక్కర్లేని వస్తువుని చేతిలోకి తీసుకుని నలపడం, ధర విని నవ్వడం, ఇవన్నీ నాకు అక్షరాల కంటే ముందే వచ్చాయి. మా పెళ్ళిలో పురోహితుణ్ణి మంత్రాలు తగ్గించమన్నానని మా ఆవిడ ఇప్పటికీ అందరికీ చెబుతుంది. అది అబద్ధం. నేను తగ్గించమన్నది దక్షిణ.

ఇంత విద్య ఉన్నవాడు బాగుపడాలి కదా. విశాఖపట్నం వన్‌టౌన్‌లో నోటు పుస్తకాలూ పెన్నులూ హోల్‌సేల్‌గా అమ్మే వీధి ఒకటుంది. నెలకి రెండుసార్లు సబ్బవరం మీదుగా బస్సులో అక్కడికి వెళ్ళేవాణ్ణి. నేను వీధి మొదట్లో కనపడగానే మొదటి కొట్టాయన రెండో కొట్టాయనకి చెప్పేవాడట. నేను లోపలికి అడుగు పెట్టేసరికి ప్రతి సరుకు ధరా నా కోసం ప్రత్యేకంగా పెరిగి కూర్చునేది. వాళ్ళు పెంచినదంతా నేను తగ్గించి, మధ్యాహ్నం దాకా గొంతు చించుకుని, మామూలు మనిషి పొద్దున్నే నోరు మెదపకుండా కొనుక్కుపోయే ధరకే కొని, గెలిచానని బస్సెక్కేవాణ్ణి. ఈ సంగతి తెలుసుకోవడానికి నాకు ఆరేళ్ళు పట్టింది. తెలివైనవాళ్ళకి కొన్ని విషయాలు ఆలస్యంగా తెలుస్తాయి.

తొంభైల మొదట్లో మా రోడ్డు మీద ఎస్టీడీ బూత్ వెలిసింది. అద్దాల గది, లోపల తిరగని ఫ్యాను, గోడ మీద ఎర్రగా పరిగెత్తే అంకెలు. ఉక్క తట్టుకోలేక అందరూ తలుపు తీసే మాట్లాడేవారు కాబట్టి ఊళ్ళో రహస్యాలకి అదే కచేరీ. ఆ అంకెలు చూస్తూ నిలబడ్డ ఒక రోజు నాకు గొప్ప ఆలోచన వచ్చింది. నా ముఖం చూస్తే ధర పెరుగుతోంది. బుర్ర చోడవరంలో ఉంచి, ముఖం మాత్రం విశాఖపట్నంలో ఇంకొకరిది పెడితే?

మా చుట్టాలింటి పక్కన ఒకాయన ఉన్నాడని తెలిసింది. పోర్టులో ఓడల నుంచి దిగే బస్తాలకి లెక్క గీతలు పెట్టి రిటైరైన గుమస్తా. ఇంట్లో ఫోనుంది. నాకు ఆ ఫోనే కావాలి, దాని వెనక మనిషి ఎలా ఉన్నా ఫరవాలేదు. బూత్‌కి వెళ్ళి మాట్లాడాను. నెలకి ఇంతిస్తానని, సిగ్గు విడిచి, అతి తక్కువ అంకె చెప్పాను. ఆయన పెంచుతాడు, నేను ఏడుస్తాను, మధ్యలో ఎక్కడో ఆగుతాం, అదీ పద్ధతి.

"అలగే బాబూ," అన్నాడు.

ఫోను పెట్టేశాక చాలాసేపు బాధపడ్డాను. ఇంకా తక్కువ చెప్పి ఉండాల్సింది. బేరమాడని మనిషి మీద నాకు ఆ క్షణమే గౌరవం పోయింది. నాకు ఊరికే దొరికినవాడు నా కోసం ఎవడితో ఏం బేరమాడతాడు?

అందుకని ఆయనకి విద్య నేర్పాలని నిశ్చయించుకున్నాను. కొట్లో అమ్ముడుపోని, అట్ట వెలిసిన నోటు పుస్తకం ఒకటి బస్సు కండక్టరుతో పంపి, మర్నాడు ఫోన్లో మా నాన్న దగ్గరా బజారు దగ్గరా నేను నేర్చిన సూత్రాలన్నీ చెప్పాను. మొత్తం పదిహేడు. మొదటిది బోణీ. వ్యాపారి కొట్టు తెరిచి దీపం పెట్టగానే వెళ్ళాలి, మొదటి బేరాన్ని వెనక్కి పంపితే రోజంతా పాడవుతుందని భయం కాబట్టి ఎంతకైనా ఇస్తాడు. రెండోది, కావలసింది అడక్కుండా వేరేది అడగాలి. మూడోది, టీ తాగకూడదు, తాగితే మొహమాటం. నాలుగోది, ధర విని లేచిపోవాలి, వెనక్కి తిరిగి చూడకూడదు.

"ఉండండి బాబూ, రాసుకుంతన్నాను," అన్నాడు గుమస్తా. గోడ మీద అంకెలు ఉరుకుతున్నాయి. "నాలుగు. ఎనక్కి తిరిగి సూడకూడదు. ఎంత దూరం దాకా బాబూ?"

"ఏమిటి ఎంత దూరం?"

"ఎనక్కి సూడకుండా ఎంత దూరం ఎల్లాల? మా ఇల్లు కూడా అటే."

"వీధి మలుపు దాకా మాస్టారూ. ఈలోగా వాళ్ళే పిలుస్తారు."

"మలుపు దాకా. పిలవకపోతే?"

"పిలుస్తారు."

"పిలవకపోతే అని కూడా రాసుకుంటే మంచిది కదా బాబూ."

బూత్ ఆయన నవ్వు ఆపుకోవడానికి బయటికి వెళ్ళాడు. బూత్ బయట వంతు కోసం నిలబడ్డ వాళ్ళలో మా ఎదురు కొట్టాయన ఉన్నాడు. ఇనప సామాను మానేసి ఆ మధ్యే పుస్తకాల కొట్టు పెట్టినవాడు. పెన్నులు కూడా మేకులమ్మినట్టు గుప్పెడు తీసి బల్ల మీద పోసేవాడు. చెప్పిన ధరకి కొని, చెప్పిన ధరకి అమ్మేవాడు. అతన్ని పోటీ అనడానికి నాకు నామోషీగా ఉండేది.

పదిహేడూ రాసుకుని, గుమస్తా మొదటి నుంచి చివరిదాకా మళ్ళీ చదివి వినిపించాడు. నా డబ్బుతో.

మా నాన్నకి ఈ ఏర్పాటు నచ్చలేదు. కొట్టు గల్లా దగ్గర కూర్చునే చెప్పాడు. "ఒరే, ఎదటోడి కళ్ళలోకి సూడకుండా బేరవేటిరా? ఫోనుకి కళ్ళున్నాయేటి?"

"పట్నంలో ఇప్పుడన్నీ ఇలాగే నాన్నా. షావుకారు కూర్చున్న చోటే కూర్చుంటాడు, పని ఎక్కడో జరుగుతుంది."

"కూసున్న సోటే కూసునే పనికి షావుకారెందుకు, గోనె సంచీ సాలదేటి?"

అయితే మొదటి సరుకు వచ్చిన రోజు మా నాన్న కూడా నోరు మూసుకున్నాడు. పెన్నులు, జామెట్రీ బాక్సులు, తెల్ల కాగితాల రీములు. నేను ఫోన్లో చెప్పిన ధరకే వచ్చాయి. ఆ ధర నేను ఊరికే, కొంచెం కొంచెంగా పైకి రావడానికి వీలుగా, నోటికొచ్చినంత తక్కువ చెప్పింది. దానికే ఇచ్చేశారు. రెండోసారి ఇంకా తగ్గించి చెప్పాను. దానికీ ఇచ్చారు.

నాకు పొగరెక్కింది. దాన్ని దాచుకునే అలవాటు మా వీధిలో ఎవరికీ లేదు. బెల్లం వ్యాపారికీ, బట్టల కొట్టాయనకీ, చీడికాడ నుంచి పలకలకొచ్చిన రైతుకీ కూడా చెప్పేవాణ్ణి: విశాఖపట్నంలో నేను లేను గాని నా బుర్ర ఉంది. ఒక ఎండుకర్రకి పదిహేడు సూత్రాలు నేర్పి నిలబెట్టాను, అది నాలా బేరమాడుతోంది. "ఆ ముసలాయనకి ఏమీ తెలీదు. అదే ఆయన గొప్ప. తెలిసుంటే తన బుర్ర వాడేవాడు," అని నవ్వేవాణ్ణి. ఆ మాట బూత్‌లోనే, తలుపు తీసి ఉండగానే, చాలాసార్లు అన్నాను.

అలా ఏడు నెలలు గడిచాయి. గుమస్తా ముఖం నేనెప్పుడూ చూడలేదు. చూడాలనీ అనిపించలేదు. గొంతు మాత్రం తెలుసు: నెమ్మదిగా, ప్రతి మాటకీ గీత పెట్టుకుంటున్నట్టు మాట్లాడేవాడు.

వేసవిలో అసలు బేరం వచ్చింది. మా ఊళ్ళో కొత్తగా ఇంగ్లీషు కాన్వెంటు పెట్టారు. బుచ్చయ్యపేట, దేవరాపల్లి వైపు నుంచి కూడా చెరుకు రైతులు పిల్లల్ని ఆటోల్లో కుక్కి పంపుతున్నారు. ఆ బడి కరస్పాండెంటమ్మ మా కొట్టుకి వచ్చింది. కుర్చీ వేస్తే కూర్చోలేదు.

"బడి తెరిచేలోగా నోటు పుస్తకాలన్నీ నా స్టోర్ రూములో ఉండాలండి. ఎవరు ముందు దింపితే వాళ్ళ కొట్టు పేరు పుస్తకాల లిస్టు కింద అచ్చేయిస్తాను. ఈ ఒక్క ఏడాదికి కాదు, ఏటా. మీకు చెప్పినట్టే ఎదురు కొట్లో కూడా చెప్పాను."

లిస్టు కింద పేరు అంటే ఆ బడి పిల్లలు పదో తరగతి దాటేదాకా, వాళ్ళ తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ దాటేదాకా, మన కొట్టుకే వస్తారు. రాకపోతే ఎదురు కొట్టుకి వెళ్ళి, అక్కడే పెన్నూ, అక్కడే పలకా కొంటారు. ఒక రోడ్డులో రెండు పుస్తకాల కొట్లు నిలబడేంత ఊరు కాదు మాది. అది నాకూ తెలుసు, గల్లా దగ్గర కూర్చుని వింటున్న మా నాన్నకీ తెలుసు. ఆవిడ వెళ్ళాక ఆయన ఒకటే మాటన్నాడు: "నువ్వెల్లు. ఫోను కాదు."

పైగా ఆ ఏడాది కాగితానికి కొరత. హోల్‌సేల్ వాళ్ళు ఉన్న పుస్తకాల్ని ఇష్టమున్న వాళ్ళకే ఇస్తున్నారు. నాకు మాత్రం భయం లేదు. నా ఎండుకర్ర ఉంది. ఫోన్ చేసి కావలసింది చెప్పాను.

"వీధిలో పెద్ద కొట్టాయన ఇత్తానన్నారు బాబూ," అన్నాడు రెండు రోజుల తర్వాత. "సరుకు రాగానే కబురెడతారు."

"ధర?"

"మీరు సెప్పిందే."

"కొరత కదా మాస్టారూ, ఏమీ అనలేదా?"

"అనలేదు బాబూ."

"పదకొండో సూత్రం వాడారా? విజయవాడ నుంచి తెప్పించుకుంటామని బెదిరించమన్నాను కదా."

"అవసరం పడలేదు బాబూ. అడిగేను, ఇత్తానన్నారు."

వారం తర్వాత మళ్ళీ అదే మాట. ఇత్తానన్నారు. నాకు నిద్ర పట్టడం మానేసింది. బేరం లేకుండా, బెదిరింపు లేకుండా, కొరత రోజుల్లో, నేను చెప్పిన ధరకి ఒక షావుకారు సరుకు ఇస్తానన్నాడంటే అందులో ఏదో ఉంది. ప్రపంచం అలా ఉండదు. ఉంటే మా నాన్నా, ఆయన నాన్నా, నేనూ ఇన్నేళ్ళు గొంతులు అరగదీసుకున్నది ఎందుకు?

ఆ అనుమానం ముదురుతున్నప్పుడే పెన్నుల కంపెనీ ఏజెంటు మా కొట్టుకి వచ్చాడు. ఊరూరా తిరిగే మనిషి, ఒక ఊరి కబురు ఇంకో ఊళ్ళో అమ్ముకుని బతుకుతాడు. "మీ మాస్టారు భలే వారండి," అన్నాడు. "వన్‌టౌన్‌లో రోజూ పొద్దున్నే ఏదో ఒక కొట్లో కుర్చీలో కూర్చుని టీ తాగుతుంటాడు. షావుకార్లు లేచి నిలబడి మరీ కుర్చీ వేస్తారు. మాలాంటి వాళ్ళకి స్టూలు కూడా ఉండదు."

టీ. మూడో సూత్రం. నాకు మొత్తం అర్థమైపోయింది. వాళ్ళు ముసలాణ్ణి కొనేశారు. నా పనులన్నీ వాళ్ళకి చెప్పేస్తున్నాడు. ఇన్నాళ్ళూ తక్కువ ధరకి ఇచ్చింది ఎర. ఈ పెద్ద ఆర్డరు దగ్గర గొంతు నొక్కుతారు, బడి తెరిచే ముందు రోజు 'సరుకు రాలేదు బాబూ' అంటాడు. ఇంత స్పష్టంగా అర్థమయ్యే విషయం తప్పయ్యే అవకాశం ఉంటుందని నాకు అప్పట్లో తోచేది కాదు.

ఎకాయెకి బూత్‌కి వెళ్ళాను.

"మాస్టారూ, టీ ఎలా ఉంది?"

"ఏ టీ బాబూ?"

"వన్‌టౌన్‌లో రోజూ తాగుతున్నారట."

"ఓ, అదా. బావుంటాది బాబూ. అల్లం ఏస్తారు."

బుకాయిస్తాడనుకున్నవాడు అల్లం గురించి చెబితే ఏం చెయ్యాలో నాకు తెలియలేదు. అందుకని అరిచాను. ఏమేం అన్నానో అన్నీ ఇక్కడ రాయను. ఉప్పూ విశ్వాసమూ అన్నాను, ఓడల్లో బస్తాలు ఎన్ని మాయం చేశావో అన్నాను. నెలకింత పారేస్తున్నది కుర్చీలో కూర్చోడానికి కాదన్నాను. "రేపట్నుంచి మీ ఫోను మీకే, మీ టీ మీకే. నేనే వస్తాను. అసలు ఎవణ్ణీ నమ్మకూడదు మాస్టారూ, అది నేను మీకు మొదట్లోనే రాయించాల్సింది."

అవతల కాగితం తిరగేసిన చప్పుడు వినపడింది.

"ఉండండి బాబూ, రాసుకుంతన్నాను. పద్దెనిమిది. ఎవణ్ణీ నమ్మకూడదు. అంతేనా బాబూ?"

నేను ఫోను పెట్టేశాను. వెనక్కి తిరిగితే తలుపు ఎప్పటిలాగే తీసే ఉంది. వంతు కోసం నిలబడ్డ నలుగురిలో ముందున్నవాడు ఎదురు కొట్టాయన. పక్కకి జరిగి నాకు దారిచ్చాడు. లోపలికి వెళ్ళాడు. మేకులమ్ముకునేవాడికి పట్నంలో ఎవరితో పనుంటుందా అని కూడా నాకు అనిపించలేదు. ఆ ఊళ్ళో ఆలోచించే హక్కు నాకొక్కడికే ఉందనుకునేవాణ్ణి.

ఆ తర్వాత సోమవారం మొదటి బస్సుకే వెళ్ళాను. మొదటి సూత్రం ప్రకారం బోణీ బేరం నాదే కావాలి. వీధిలో పెద్ద కొట్టు అప్పుడే తెరుస్తున్నారు. మెట్ల మీద నీళ్ళు చల్లారు, అగరొత్తి వెలుగుతోంది. నేను మెట్టు మీద కాలు పెట్టబోయాను.

"అక్కడే ఉండండి చోడారం," అన్నాడు షావుకారు. అక్కడ మనుషుల్ని ఊరి పేరుతోనే పిలుస్తారు. "ఇంకా బోణీ అవలేదు."

"బోణీ చేద్దామనే వచ్చాను."

"అందుకే ఉండమన్నాను."

నేను నవ్వాను. అతను నవ్వలేదు.

"మూడేళ్ళ కిందట ఒకసారి చేసేరు కదా బోణీ. గుర్తుందా? సుద్దముక్కల పెట్టి ఒకటి గంటసేపు బేరవాడి కొన్నారు. ఆ రోజు మళ్ళీ గల్లా మూత తెరిస్తే ఒట్టు. ఈగలు తోలుకున్నాను. పిల్లలున్నవాణ్ణి, నా మీద దయుంచి ఆ గట్టు మీద కూసోండి. ఒకాయన ఒస్తన్నాడు. ఆయన బోణీ అయిపోగానే మీరు రండి, ఎంతసేపు కావాలంటే అంతసేపు అరుసుకుందాం."

గట్టు మీద కూర్చున్నాను. పక్క కొట్లు కూడా తెరుచుకుంటున్నాయి. ప్రతి కొట్టువాడూ నన్ను చూసి, నేను తన వైపు రావడం లేదని నిశ్చయం చేసుకుని, దీపం వెలిగించుకున్నాడు. సూత్రాలు పదిహేడు తెలిసినవాడికి బోణీకి తన చెయ్యి ఎలాంటిదో తెలియకపోవడం గమ్మత్తే. అందరికీ తెలుసు. ఇన్నేళ్ళూ ఎవరూ చెప్పలేదు. చెబితే దాన్ని కూడా బేరానికి వాడతాననుకుని ఉంటారు. వాడి ఉండేవాణ్ణే.

కాసేపటికి ఒక ముసలాయన గొడుగూ గుడ్డ సంచీ పట్టుకుని వచ్చాడు. బక్కగా, పొడుగ్గా, జేబుకి రెండు పెన్నులు. షావుకారు లేచి నిలబడ్డాడు. కుర్చీ వేశారు. టీ వచ్చింది. అల్లం వాసన నా దాకా వచ్చింది.

"పక్కోళ్ళు పిలిచేరు," అన్నాడు ముసలాయన కూర్చుంటూ. "మీకు మాటిచ్చేనని రేపు ఒస్తానన్నాను."

"మీ చెయ్యి పడ్డ రోజు బేరాలతో నాకు ఊపిరాడదు మాస్టారూ. బోణీ చెయ్యండి. ఏటి కావాల?"

ఆయన కళ్ళజోడు పెట్టుకుని జేబులోంచి కాగితం తీశాడు. చదివాడు. నోటు పుస్తకాలు, ఎన్ని పేజీలవి ఎన్నెన్ని, చివర ధర. ఆ గొంతు విన్నాక నేను గట్టు మీద నుంచి లేచాను.

షావుకారు ధర వినను కూడా లేదు. ఆయన చేతిలోంచి బోణీ నోటు తీసుకుని కళ్ళకద్దుకున్నాడు. "చోడారం లారీ మధ్యాన్నం ఎల్తాది. ఎక్కించెయ్యమంటాను," అన్నాడు.

చోడవరం. ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, ఆ పుస్తకాలు నావే అనుకున్నాను. నేను తిట్టినా ఈ పిచ్చి ముసలాడు పని పూర్తి చేస్తున్నాడు, ఇతన్ని క్షమించెయ్యాలి, జీతం పెంచకుండా క్షమించెయ్యాలి అనుకున్నాను.

"మాస్టారూ," అన్నాను.

గొంతు గుర్తుపట్టి తిరిగాడు. ఆయనకీ నా గొంతే తెలుసు. లేచి నిలబడ్డాడు. "బాబూ, మీరేనేటి. ఇంత పొట్టిగా ఉంటారనుకోలేదు. కూసోండి, టీ తాగండి."

"ఆ పుస్తకాలు..."

"మీ ఎదురు కొట్టాయనివి బాబూ. మీరు మానెయ్యమన్న రోజే ఫోను సేసేరు. మీరు పెట్టేసిన రెండు నిమిషాలకే. నంబరు బూత్ బిల్లు మీద సూసేరంట."

"ఇన్నాళ్ళూ మీరు బేరమే ఆడలేదా?"

"మొదట్రోజు ఆడదామనే ఎల్లేను. రూల్సు పుస్తకం పట్టుకుని ఎల్లేను. పొద్దున్నే ఎల్లి, మీరు సెప్పిన రేటు సదివేను. సరే అన్నారు. ఇంకేటి ఆడతాం?"

షావుకారు అందుకున్నాడు. "ఆ రోజు నాకు మూడు స్కూళ్ళ ఆర్డర్లొచ్చేయి చోడారం. ఇంకోసారొస్తే ఇంకోటి. తర్వాత వీధంతా తెలిసిపోయింది. ఇలాంటి చెయ్యి రేటుకి బేరవాడి పంపేస్తే మనకేటి మిగుల్తాది? ఆయన ఎంతంటే అంత. ఎవరి కోసం అడుగుతన్నాడో నాకెందుకు?"

సరే, నాకు తెలిసిన పనే చేశాను. ముసలాయన్ని గట్టు చివరికి తీసుకెళ్ళి బేరం పెట్టాను. జీతం రెట్టింపన్నాను. మూడు రెట్లన్నాను. పుస్తకాలు ఇంకా లారీ ఎక్కలేదు కదా, లారీ ఎక్కడ దిగాలో చెప్పేది మీరే కదా అన్నాను. నా జీవితంలో అవతలి మనిషి ఒక్క మాటా అనకుండా నేను ధర పెంచుకుంటూ పోయిన బేరం అదొక్కటే.

"మీరు మొదట ఇచ్చిందే సాలిపోయేది బాబూ," అన్నాడు చివరికి. "ఆయనకి మాటిచ్చేను."

ఏడుస్తాడనో, నన్ను ఏడిపిస్తాడనో చూశాను. రెండూ లేవు. బస్తా దిగింది, గీత పెట్టాను, అన్నట్టు నిలబడ్డాడు. తర్వాత సంచీలోంచి అట్ట వెలిసిన నోటు పుస్తకం తీసి నా చేతికిచ్చాడు.

"మీ రూల్సు. ఆయనకి ఒక్కటీ సెప్పలేదు బాబూ. ఆయన అడగనూ లేదు. మీ సొమ్ము మీ దగ్గరే ఉండాల."

నాకు పుస్తకాలు ఎప్పుడిస్తారని షావుకారుని అడిగాను. జూలై అన్నాడు. వీధిలో మిగతా వాళ్ళనీ అడిగాను. అందరిదీ జూలైయే. విజయవాడ నుంచి తెప్పించుకుంటానని బెదిరించాను. తెప్పించుకోమన్నారు. లేచి వెళ్ళిపోయాను, వెనక్కి తిరిగి చూడలేదు. వీధి మలుపు వచ్చింది. ఎవరూ పిలవలేదు. పిలవకపోతే ఏం చెయ్యాలన్నది నిజంగానే రాయించి ఉండాల్సింది.

సాయంత్రం చోడవరంలో నేను బస్సు దిగేసరికి లారీ నాకంటే ముందే వచ్చింది. ఎదురు కొట్టాయన బస్తాలు కాన్వెంటుకి తోలిస్తున్నాడు. నన్ను చూసి గెలిచినట్టు ముఖం పెట్టి ఉంటే నాకు కొంత ఓదార్పుగా ఉండేది. పెట్టలేదు. ఇనప సామాను ఎత్తించినట్టే ఎత్తిస్తున్నాడు.

మా నాన్న గల్లా దగ్గర నుంచి కదలకుండా అడిగాడు. "కళ్ళలోకి సూసేవేటిరా?"

"చూశాను."

"ఏటున్నాది?"

నేను అట్ట వెలిసిన ఆ పుస్తకాన్ని బల్ల కింద పెట్టాను. ఆయన మళ్ళీ అడగలేదు. బేరం పోయిన ఇంట్లో ఎంత మాట్లాడాలో ఆయనకి తెలుసు.

బడి తెరిచిన రోజు పొద్దున్న కొట్టు తెరిచి, దీపం పెట్టి కూర్చున్నాను. అవతలి వైపు రైతులూ, కొత్త బూట్ల పిల్లలూ, చేతుల్లో అచ్చేసిన లిస్టులూ. లిస్టు కింద అతని కొట్టు పేరు నాకు కూర్చున్న చోటి నుంచే కనపడుతున్నట్టనిపించింది. చాలాసేపటికి దేవరాపల్లి ఆయన ఒకడు మా కొట్టెక్కి జామెట్రీ బాక్సు ఎంతన్నాడు. చెప్పాను. నవ్వాడు. బాక్సుని బల్ల మీద పెట్టి మెట్లు దిగాడు. వెనక్కి తిరిగి చూడలేదు. నాకు లోపల సంతోషమే వేసింది, తెలిసిన విద్య కదా. మలుపు దాకా వెళ్ళనిచ్చి పిలుద్దామనుకున్నాను. అతను మలుపు దాకా వెళ్ళలేదు. రోడ్డు దాటి ఎదురు కొట్లోకి వెళ్ళాడు, వాళ్ళు చెప్పిన ధర ఇచ్చి బాక్సు కొనుక్కున్నాడు.

చెయ్యడానికి ఇంకేమీ లేక ఆ నోటు పుస్తకం తెరిచాను. ఓడరేవు గుమస్తా దస్తూరీ, ఒక్క కొట్టివేత లేదు. ఎడమ పక్క నా సూత్రం, కుడి పక్క గీత కొట్టి దాని ఫలితం. ఒకటి, బోణీకి వెళ్ళాలి: ఆచరించబడినది. రెండు, వేరే సరుకు అడగాలి: అవసరం పడలేదు. మూడు, టీ తాగకూడదు: మీకు చెప్పి తాగవలెను అనుకొని మరచితిని. నాలుగు, వెనక్కి చూడకూడదు, మలుపు దాకా: అవసరం పడలేదు. అక్కడ నుంచి పదిహేడు దాకా అదే మాట, ఒకే సైజులో, ఒకదాని కింద ఒకటి. అవసరం పడలేదు. అవసరం పడలేదు.

పద్దెనిమిది, ఎవణ్ణీ నమ్మకూడదు. దాని పక్కన: చోడవరం బాబు గారిచే ఆచరించబడినది.

తర్వాత పేజీలన్నీ తెల్లగా ఉన్నాయి. కాగితానికి కొరతగా ఉన్న రోజులు. వాటిని జాగ్రత్తగా చింపి బిల్లులు రాసుకోవడానికి పెట్టుకున్నాను.